గుర్తించిన సమయం 11.40

నేను ఉద్యోగంలో ఉండగా రాసిన ఒక ఇన్సిడెంట్ రిపోర్టులో సమయం తప్పు. పొరపాటున పడింది కాదు, తెలిసి రాసిందే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్న నేను, ఆ రోజు డైరీలో కూడా ఆ తప్పు సమయమే రాసుకున్నాను. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఎందుకైనా మంచిదని.

అప్పుడు నేను ఒమాన్‌లో, నిజ్వాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పోస్టింగు ఆడవాళ్ల మెడికల్ వార్డులో. చేరి నాలుగో ఏడు, ఏప్రిల్ నెల. ఇప్పుడు పాలకొల్లులో ఒక బడి లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటిస్తున్నాను. ముప్పై మూడేళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడమేమిటని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. పదేళ్లు వార్డులో నిలబడ్డ మోకాళ్లు నావి. వాటి వయసు వేరు.

మా వృత్తిలో స్టాఫ్ నర్సు పైన చార్జ్ నర్సు, ఆ పైన నర్సింగ్ సూపర్‌వైజరు. మా సూపర్‌వైజరు సూసమ్మ మేడమ్, కొట్టాయం ఆవిడ. ప్రతి ఏటా మా పనితీరు మీద ఒక కాగితం రాసేవారు. నా కాగితంలో మూడేళ్లు వరసగా ఒకటే మాట: పని శుభ్రం, నోరు విప్పదు. నేను నోరు విప్పేది పుస్తకం చదువుతూ ఆవలించేటప్పుడేనని మా రూమ్‌మేట్ ప్రమీలక్క అనేది. ఆవిడది అమలాపురం. నాకంటే పదేళ్లు పెద్ద, పది రెట్లు గట్టి గొంతు.

ఆ ఏప్రిల్‌లో ఆసుపత్రి వాళ్లు సూసమ్మ మేడమ్ వెంట, డ్యూటీ లేని పన్నెండు మంది నర్సులను జబల్ అఖ్దర్ కొండ మీదకు పంపారు. అక్కడ గులాబీ తోటలుంటాయి. పువ్వులు కోసే కాలంలో పన్నీరు తీసే బట్టీలు నడుస్తాయి. అలాంటి ఒక బట్టీలో, పన్నీరుతో మద్యం లేని కాక్‌టెయిల్స్ కలపడం నేర్పే క్లాసు. ఇంటికి ఫోన్ చేసి డిస్టిలరీకి వెళ్తున్నామని చెప్పాను. మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శి.

“డిస్టిలరీ అంటే సారా బట్టీ కదటే?”

“పన్నీరు బట్టీ అమ్మా.”

“బట్టీ అయితే బట్టీయేగా. ఫోటోలు మాత్రం ఎవరికీ పెట్టకు.”

ఆ కొండ దారికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేగాని పోలీసులు పైకి వదలరు. రెండు బండ్లలో వెళ్లాం. బట్టీ యజమాని హమూద్, డెబ్బై దాటిన మనిషి. పనివాళ్లు ఆయన్ని అర్బాబ్ అనేవారు, అంటే దొర, యజమాని. ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నది ఖాదర్ భాయ్, కడప మనిషి. మేము తెలుగు మాట్లాడుకోవడం విని దగ్గరికొచ్చి, బట్టీ అంతా తనే చూపించాడు.

పాత పద్ధతిలో మట్టి పొయ్యి మీద రాగి బిందె ఉంటుంది. అడుగున పూరేకులు, కాస్త నీళ్లు. లోపల మధ్యలో చిన్న గిన్నె. బిందె మూతి మీద చన్నీళ్ల పాత్ర. ఆవిరి పైకి లేచి, చల్లని పాత్ర అడుగు తగిలి, చుక్కలుగా గిన్నెలో పడుతుంది. పై నీళ్లు వేడెక్కితే మార్చాలి. ఎప్పుడు మార్చాలో చెయ్యి పెట్టి చూసి చెప్పేది ఖాదర్ భాయే. ఆ ఏడాదే స్టీలు యంత్రం, గ్యాసు వచ్చాయట. వాటిలో పన్నీరు మంచినీళ్లలా తెల్లగా దిగుతుంది.

“పొయ్యికి పని పాయ, పాపా. నాకు గూడా పోతాదేమో. వీసా కాగితాలు అర్బాబ్ సంతకానికి పెట్టినా. ఈ నెలాఖరే గడువు.” వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు. ఊళ్లో అప్పుడే ఇంటికి పునాది వేశాడట. ఇంకో రెండేళ్లు చాలట.

క్లాసు పదింటికి మొదలైంది. ఒక రిసార్టు నుంచి వచ్చిన గోవా కుర్రవాడు నేర్పాడు. ఇద్దరికో బల్ల. బల్ల మీద దానిమ్మ రసం, నిమ్మకాయలు, పుదీనా, తేనె, ఐసు, స్టీలు షేకరు. ప్రతి గ్లాసుకూ దాని కొలత రాసిన ఒక కార్డు. నేను, ప్రమీలక్క ఒక బల్ల.

“ఇందులో పన్నీరు ఒక్క చిలకరింత,” అన్నాడు గోవా అబ్బాయి.

ఎన్ని ఎం.ఎల్. అని నాకు అడగాలని ఉంది. అడగలేక ప్రమీలక్క చెవిలో అన్నాను. ఆవిడ గది మొత్తానికీ వినపడేలా అడిగేసింది. అందరూ నవ్వారు. నేను వంగి, కొలగ్లాసు గీతకు కన్ను సమంగా పెట్టి, మూడు ఎం.ఎల్. పోశాను. తరవాత షేకరు. అందరూ భుజం మీదుగా ఎత్తి దడదడా ఊపుతుంటే, నేను దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాను. మబ్బుగా ఉండే ఇన్సులిన్ సీసాను ఊపకూడదు, అలా దొర్లించాలి. చేతులకు అదే అలవాటు.

“ఒసేయ్ కరుణా, అది ఇన్సులిన్ కాదే తల్లీ! ఊపు! నీకు జాబు ఇచ్చినవాళ్లని అనాలి,” అంది ప్రమీలక్క.

అంతటితో ఆగితే బాగుండేది. గ్లాసు మీద చిన్న టేపు ముక్క అంటించి తేదీ, సమయం, నా పేరులో మొదటి అక్షరం రాశాను. అది చూసి సూసమ్మ మేడమ్ కూడా నవ్వారు. ఇక ఆ నవ్వులు తట్టుకోలేక, వాడిన గ్లాసులు కడిగే నెపంతో వెనక గదిలోకి పోయాను. సిగ్గరులకు ఎక్కడికి వెళ్లినా మొదట కనపడేది సింకు.

సింకు పక్క గట్టు మీద ఒక గాజు జాడీ ఉంది. లీటరున్నర పట్టేది. అందులో టీ రంగు ద్రవం, పైన మబ్బు, అడుగున మడ్డి. లేబుల్ లేదు. వాసన చూస్తే పొగ.

వార్డులో మాకో నియమం. లేబుల్ లేని ద్రావణం, రంగు మారిన ద్రావణం, నలుసులు తేలే ద్రావణం ఏదీ రోగికి ఎక్కించకూడదు. అనుమానం వస్తే పారబోయాలి. మూడిట్లో ఒకటున్నా చాలు, దీనికి మూడూ ఉన్నాయి. ఇవతల గదిలో పన్నెండు మంది ఇలాంటిది తాగబోతున్నారు. నా బుర్రలో అప్పుడు అనుమానమన్నదే లేదు. సింకులో వంచేశాను. జాడీని బ్రష్షుతో తోమి, వేడినీళ్లతో కడిగి, గుడ్డ పరిచి బోర్లించాను. ఒక ప్రమాదం తప్పించానన్న తృప్తితో వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాను.

పదకొండు ఇరవైకి హమూద్ అర్బాబ్ లోపలికి వచ్చారు. క్లాసు చివర్లో అతిథులకు కాఫీ పోయడం అక్కడి మర్యాద. ఆ కాఫీలో ఒక్కో చుక్క వేద్దామని, తన తండ్రి కట్టిన మట్టి పొయ్యిలో కిందటేడు కట్టెల మీద కాచిన చివరి పన్నీరు పొద్దున్నే బయటికి తీసి పెట్టారట. కట్టెల మీద తీసింది అలాగే పొగ రంగులో, పొగ వాసనతో ఉంటుంది. మడ్డి అడుక్కి దిగేదాకా నెలల తరబడి కదపకుండా ఉంచాలి. ఆ జాడీ తర్వాత అలాంటిది ఇక లేదు. ఆ పొయ్యి మళ్లీ వెలగదు.

ఇదంతా ఆయన వెనక గదిలోంచి ఖాళీ జాడీ పట్టుకొచ్చి, అరబ్బీ హిందీ కలిపి ఖాదర్ భాయ్ మీద అరుస్తుంటే తెలిసింది.

“నేను ముట్టలేదు అర్బాబ్,” అన్నాడు ఖాదర్ భాయ్.

ఇంత శుభ్రంగా తోమి, గుడ్డ పరిచి బోర్లించేది నువ్వు కాక ఇంకెవరు అని అర్బాబ్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను మరీ శుభ్రంగా కడిగాను.

“ఖల్లాస్. ఆ వీసా కాగితాలు ఇక నా దగ్గరికి తేవద్దు,” అని ఆయన బయటికి వెళ్లి, వాకిట్లో కుర్చీలో కూర్చున్నారు. ఖాదర్ భాయ్ తలుపు పక్కన నిలబడిపోయాడు.

గోవా అబ్బాయి ఏం చెయ్యాలో తోచక ఇంకో గ్లాసు నేర్పడం మొదలుపెట్టాడు. ఆ తరవాతి ఇరవై నిమిషాలూ నేను పనిలో ఉన్నట్టు కనపడ్డాను. మనసులో మాత్రం లెక్కలు. ఆయన కోపం రేపటికి తగ్గుతుందిలే. ఇరవై ఏళ్ల మనిషిని పంపేస్తారా. నేను చెబితే ఆసుపత్రికి చెడ్డపేరు. ఇన్ని సాకులు దొరికాయి. చెప్పడానికి కావలసిన ఒక్క వాక్యం దొరకలేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టాలా, హిందీలోనా అని కూడా ఆలోచించాను.

చివరికి నోరు రాక, చెయ్యి వచ్చింది. కార్డు వెనక్కి తిప్పి, మా ఆసుపత్రి ఇన్సిడెంట్ ఫారం వరసలోనే ఇంగ్లీషులో రాశాను. వార్డులో ఏ తప్పు జరిగినా, మందు మారినా, రోగి మంచం మీంచి పడ్డా, ఆ ఫారం నింపాలి. ఏం జరిగింది: లేబుల్ లేని ద్రావణం పారబోయడం. ఎవరు: నేను. రోగి పరిస్థితి: వర్తించదు. వెంటనే తీసుకున్న చర్య: జాడీ కడిగి బోర్లించాను. అందులో మరో రెండు గడులుంటాయి. తప్పు గుర్తించిన సమయం, పైవారికి తెలియజేసిన సమయం. సూసమ్మ మేడమ్ ఏ ఫారం వచ్చినా ముందు ఆ రెండే చూస్తారు. రెంటికీ మధ్య ఎంత ఎడముంటే మనిషి అంత దాచినట్టు లెక్క. నేను పారబోసింది ఆ జాడీయేనని అప్పుడే తట్టినట్టు, మొదటి గడిలో 11.40 అని రాశాను. రెండో గడిలో 11.42. కార్డు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ చదివి నా మొహం చూశారు. పైకి లేచి, నన్ను వెంటబెట్టుకుని వాకిట్లోకి వెళ్లి, అర్బాబ్‌కు అరబ్బీలో చదివి చెప్పారు. రోగి పరిస్థితి వర్తించదు అన్నది కూడా వదలకుండా చెప్పారు.

లేబుల్ ఉండి ఉంటే పారబోసేది కాదా అని ఆయన అడిగారు. నిజం చెప్పే పని అప్పుడే మొదలుపెట్టినదాన్ని కదా, ఎక్కడ ఆపాలో తెలియలేదు. అప్పుడైనా పారబోసేదాన్నే, అడుగున మడ్డి ఉంది కాబట్టి అని చెప్పాను. ఆయన ఖాళీ జాడీ కింద పెట్టారు. నవ్వలేదు. తిట్టలేదు. ఇంకోసారైతే ముందు అడుగు అని మాత్రం అన్నారు. తరవాత లోపలికి వచ్చి, స్టీలు యంత్రం పన్నీరే వేసి కాఫీ పోశారు. మొదటి గిన్నె అతిథికివ్వాలి. ఆయన ఖాదర్ భాయ్‌కి ఇచ్చి, కాగితాలు తెమ్మన్నారు. క్షమించమనే మాట వాడలేదు. కానీ అందరి ముందూ ఇచ్చారు.

తిరుగు దారిలో ప్రమీలక్క నన్ను ఏడిపించలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ ఏడాది నా కాగితంలో సూసమ్మ మేడమ్, తప్పును రెండు నిమిషాల్లో తెలియజేస్తుంది అని రాశారు. మరుసటి ఏడు నన్ను చార్జ్ నర్సును చేశారు. ఆ కార్డు జెరాక్సు కొత్త నర్సుల శిక్షణ ఫైలులో చేరింది. రెండేళ్లపాటు ఆ శిక్షణలో ఆ పాఠం చెప్పే బాధ్యత నాదే. గుర్తించిన సమయం, తెలియజేసిన సమయం, ఎడమెంత అని అడిగేదాన్ని. రెండు నిమిషాలు మేడమ్ అని పిల్లలందరూ ఒక్క గొంతుతో చెప్పేవాళ్లు. నేను బోర్డు వైపు తిరిగి ఏదో తుడిచేదాన్ని.

ఆ ఘటన నేర్పింది ఇంతే. తెలియజేసిన సమయానికి సాక్షి ఉంటాడు, కాగితం అందుకున్న మనిషి. గుర్తించిన సమయానికి సాక్షి లేడు. ఫారంలో జాగ్రత్తగా నింపవలసిన గడి అదొక్కటే. దాన్నే నేను అబద్ధంతో నింపాను.

సాక్షి లేడనే అనుకుంటూ వచ్చాను. రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేసే వారం, నిజ్వా సూక్‌లో, అంటే పాత బజారులో, ఖాదర్ భాయ్ పన్నీరు సీసాలు అమ్ముతూ కనపడ్డాడు. ఊళ్లో ఇల్లు స్లాబు దాకా వచ్చిందట. డబ్బులొద్దని ఒక సీసా చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆలస్యం చేశాను, తప్పు నాదే భాయ్ అన్నాను.

“అర్బాబ్ నన్ను అరుస్తాంటే నీ మొగం చూసినా పాపా. అప్పుడే తెలిసిపాయ,” అన్నాడు.

మరి మీరే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నేను చెప్తే తప్పించుకునేదానికి చెప్తాండాడంటారు. నువ్వు చెప్తేనే పని అయ్యేది. అందుకే నీ పక్కే చూస్తా నిలబడినా. నువ్వేమో ఒక్క గ్లాసు పట్టుకుని దాన్నే తుడుస్తాండావు, తుడుస్తాండావు. అది యాడ పగుల్తాదో, అదిగూడా నా మీదికే వస్తాదేమోనని నా భయం నాది.”