కడప రోడ్డుకు చాలని బండి

మొన్న ఆదివారం ఆరాధనలో నేను ప్రార్థన చేస్తుండగా గుడి గోడ పక్కనుంచి ఎవరో పాత మోటారుసైకిలు మీద పోయారు. పెట్రోలులో కలిసిన నూనె కాలిన పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. నా నోట మాట ఆగిపోయింది. సంఘమంతా తలలు వంచుకుని తర్వాతి మాట కోసం ఎదురుచూస్తోంది. నేను మాత్రం వెనకటి కర్నూలులో, దేవసహాయం అయ్యగారి వెనక సీటు మీద ఉన్నాను.

అయ్యగారు మా సంఘకాపరి. నేను ఆయన కింద వాక్యం చెప్పే ఉపదేశిని. యుద్ధకాలంలో పటాలంలో మోటారుసైకిలు నడిపి, ఊరికి తిరిగొచ్చాక ఏ పనిలోనూ మనసు నిలవక తిరుగుతున్న నన్ను పిలిచి, వాక్యం నేర్పి, జనం ముందు నిలబెట్టింది ఆయనే. నేను ప్రసంగంలో గొంతు పెంచితే, "అరవొద్దప్పా. వెనక చాప మీద ముసలామె ఉండాది చూడు, ఆమె ముఖం చూసి మాట్లాడు" అనేవారు. ఆయనకు పిల్లలు లేరు. భార్య సుగుణమ్మ గారు క్షయతో కడపలో ఒక ఆసుపత్రిలో పడుకుని ఉండేవారు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన రోజులవి. పోయే ఉద్యోగులు మంచాలు, బీరువాలతో పాటు బళ్లు కూడా అమ్ముకుంటున్నారు. అయ్యగారు కాళ్లనొప్పులతో నడవలేకపోతున్నారని సంఘం ఆయనకొక మోటారుసైకిలు కొనాలనుకుంది. పట్నంలో ఇళ్లు తిరగడానికి, అప్పుడప్పుడు కడపకు పోయిరావడానికి. మాకు రెండు దొరికాయి. ఒకటి బరువైన పెద్ద ఇంగ్లీషు బండి, ఇంకొకటి సైకిలుకు అన్నలా కనిపించే చిన్నది. నడిపి చూసి చెప్పమని నన్ను అడిగారు. నేను పెద్దదే అన్నాను. సంఘపెద్ద యోనా గారికీ అదే నచ్చింది.

"అయ్యగారూ, దాని మీద మీరొస్తాంటే కలెక్టరు వచ్చినట్టుంటాది" అన్నారాయన.

"కలెక్టరొస్తే జనం తలుపులేసుకుంటారు యోనా" అన్నారు అయ్యగారు.

గుడికి రాలేనివాళ్లకు ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఉండే సంస్కారపు పెట్టెను ఆయన పెద్ద బండి వెనక కట్టించి, నన్ను నడపమని, తను వెనక కూర్చుని కోట దగ్గరి సందుల దారి పట్టించారు. మరియమ్మవ్వ ఇంటి మలుపులో బండి తిరగలేదు. ఆ అవ్వ కళ్లు పోయి మంచం పట్టిన మనిషి. వెనక్కీ ముందుకీ లాగి, చివరికి సందు మొదట్లోనే వదిలి నడిచాం. మళ్లీ చిన్నదాని మీద పోతే, అది నేరుగా ఆమె గడప ముందుకు పోయింది.

ఆ సాయంత్రం నేను ఆయనతో వాదించాను. "కడపలో అమ్మగారుండారు కదయ్యా. చిన్నది ఎండాకాలం అంత దూరం పరుగెత్తలేదు. వేడెక్కి నిలబడిపోతాది."

మా సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. కరువులో బియ్యం లేకపోతే జొన్నలు. ఆదివారం ఆ కుండలు గుడికి వస్తే, ఆరాధన అయ్యాక వేలం వేసేవాళ్లం. బండి కొంటున్నది ఆ గింజలతోనే.

"పిల్లోళ్ల నోటి ముందర తీసి పెట్టిన బియ్యమప్పా అది" అన్నారాయన. "ఆ ఆడోళ్ల సందులోకి పోలేని బండి నాకెందుకు? కడపలో ఉండేది నా పెండ్లాము. బండి సంఘానిది."

చిన్నదే కొన్నారు. సందుల్లో ఆడవాళ్లు దాని చప్పుడు విని నవ్వేవారు. "శానా దగ్గుతాందే! దానికీ ఒక ప్రార్థన చేయండి అయ్యగారూ" అనేవారు. నెలకోసారి ఇద్దరం కడపకు పోయేవాళ్లం. ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర ఒకసారి, నంద్యాల దాటాక ఇంకోసారి ఇంజను చల్లారనిచ్చి, పొద్దు వాలాక చేరేవాళ్లం.

"నా సవతి ఎట్లుండాది?" అని బండి గురించి అడిగేవారు సుగుణమ్మ గారు మంచం మీదినుంచి. ఒకసారి నవ్వుతూనే, "పెద్దది కూడా ఉండిందంట గదా?" అన్నారు.

"ఉండింది" అన్నారు అయ్యగారు.

"మంచి పనే చేసినారులే." ఆ తర్వాత ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు.

మరుసటి వేసవిలో తంతి వచ్చింది. అమ్మగారికి బాగా జబ్బు చేసింది, వెంటనే రమ్మని. అప్పటికే ఆ రోజు బస్సు వెళ్లిపోయింది. అయ్యగారిని వెనక కూర్చోబెట్టుకుని నేనే నడిపాను. ఆళ్లగడ్డ దాటాక ఇంజను ఆగిపోయింది. చెయ్యి పెడితే కాలుతోంది. తుమ్మచెట్టు కింద బండిని పెట్టి కూర్చున్నాం. నేను ఆయన నోట ఒక వాక్యం వస్తుందని ఎదురుచూశాను. అలాంటి వేళల్లో ఎందరికో వాక్యం చెప్పిన నోరు అది.

"నువ్వు చెప్పింది నిజమే అప్పా" అన్నారు చివరికి. "పెద్దదయ్యుంటే ఈపాటికి చేరుండేవాళ్లం."

అంతే. ఇంజను చల్లారాక మళ్లీ బయలుదేరాం.

మేము పోయేసరికి మంచం తుడిచేశారు, దుప్పటి మడిచి తలవైపు పెట్టారు. "మధ్యాహ్నం దాకా తలుపు దిక్కే చూస్తాండె" అని నర్సమ్మ చెప్పింది.

సమాధి కార్యక్రమం అయ్యాక యోనా గారు కన్నీళ్లతో వచ్చారు. "దీన్ని అమ్మేస్తాం అయ్యగారూ. ఎట్లనో పెద్దది చూస్తాం."

"ఇంక కడప రోడ్డు మీద నాకేం పనుండాది యోనా?" అన్నారు అయ్యగారు.

తర్వాతి ఆదివారం ఆరాధన ముగించి, పెట్టె కట్టుకుని మరియమ్మవ్వ ఇంటికి బయలుదేరారు. నేనూ పోయాను. అవ్వ ఆయన చెయ్యి తడిమి పట్టుకుంది.

"నాయనా, అమ్మ పోయేటప్పుడు పక్కన ఉండినావా?"

"లేకపోతినవ్వా."

"ఆమె దగ్గరికి పోలేనోడివి, నా దగ్గరికెట్లా వస్తాండావు నాయనా?"

అది నిష్ఠూరమో జాలో నాకు తెలియలేదు. అయ్యగారు పెట్టెను దగ్గరికి లాక్కున్నారు. మూత ఒక పట్టాన రాలేదు. నేను ముందుకు కదిలాను. ఆయన తల అడ్డంగా ఊపి, తనే తీసి, రొట్టె విరిచి ఆమె నోటికి అందించారు. అప్పుడు ఏడ్చారు. ఒక విశ్వాసి ఇంట్లో ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆయన పోయి చాలా కాలమైంది. నేనూ కాపరినయ్యాను. విధేయతకు దేవుడు ప్రతిఫలమిస్తాడని ప్రసంగిస్తాను, నమ్ముతాను కూడా. అయ్యగారు ఎంచుకున్నది సరైనదేనని ఈనాటికీ నా విశ్వాసం. కానీ దాని ఖరీదు చెల్లించింది ఆయన ఒక్కరే కాదు. తలుపు వైపు చూస్తూ పోయిన ఆ తల్లిని ఏ బండి కొనాలని ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. అందుకే సంఘం పని మీద ఊరు దాటాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు నా భార్య దగ్గర కూర్చుని అడుగుతాను. ఆమె వద్దంటే ఆగిపోతాను. ప్రార్థనలో ఆయన పేరు కంటే ముందు సుగుణమ్మ గారి పేరే చెబుతాను.