పిన్ని పెళ్లి డీవీడీ, నాన్న మార్చిన డ్రైవ్

మా చిన్నప్పుడు, మస్కట్‌లో అజైబాలో ఉండే రోజుల్లో... ఒక శుక్రవారం పొద్దున్నే నాన్న లాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, అమ్మ కుట్టుమిషను సొరుగులోని చిన్న స్క్రూడ్రైవరుతో దాని అడుగు విప్పుతున్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

“తెలిసినవాళ్లకి చూపిద్దామండీ. ఉన్నది కాస్తా పాడైపోతుంది.”

“ఒక్క స్క్రూ తీసి, పాతది లాగి, కొత్తది తోయడమే. దీనికి మళ్లీ మెకానిక్కా?” అన్నారు నాన్న.

అసలు సంగతేమిటంటే... రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో పిన్ని పెళ్లి జరిగింది. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. మేం వెళ్లలేకపోయాం. సరిగ్గా అప్పుడే మా పాస్‌పోర్టులు వీసా రెన్యువల్ కోసమని నాన్న కంపెనీ ఆఫీసులో ఇరుక్కుపోయాయి. ఎంత చెప్పినా పిన్ని వినలేదు. “నీకు రావాలని ఉంటే వచ్చేదానివి” అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత అమ్మ చేస్తే ఎత్తలేదు. అమ్మకూ పంతం వచ్చి, చేయడం మానేసింది.

పెళ్లయ్యాక ఊరి నుంచి వస్తున్న వాళ్లకిచ్చి అమ్మమ్మవాళ్లు ఒక డీవీడీ పంపించారు. దాంతోపాటు కబురేమీ లేదు. మా లాప్‌టాప్‌లో ఉన్నదేమో సీడీలు మాత్రమే చదివే పాత డ్రైవ్. డీవీడీ పెడితే కాసేపు గరగరమని తిరిగి, నాకేం కనబడలేదన్నట్టు ఊరుకునేది...

కింది ఫ్లాట్‌లో షబానా ఆంటీ వాళ్లుండేవారు. కడప వాళ్లు. వాళ్లింట్లో డీవీడీ ప్లేయర్ ఉంది. “మా ఇంట్లో చూడు అక్కా, దీనికింత తిప్పలెందుకు?” అని ఆవిడ ఎన్నిసార్లు పిలిచినా అమ్మ వెళ్లలేదు.

“ఆ పెళ్లి చూస్తే నాకు ఏడుపు ఆగదే. వాళ్ల సోఫాలో కూర్చుని ఏడవమంటావా?” అంది నాతో.

అందుకే నాన్న రువీ బజారుకు వెళ్లి కొత్త డ్రైవ్ తెచ్చారు. డీవీడీలు చదవడమే కాదు, రాస్తుంది కూడా అని మురిసిపోయారు.

పాతది సులువుగానే ఊడొచ్చింది. కొత్తది చివరిదాకా వెళ్లి, అంగుళం ముందు ఆగిపోయింది. నాన్న తోశారు. లోపలికి ఊదారు. మళ్లీ తోశారు. చివరికి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే... వెనక తగులుకునే మూతులే వేరు! పాతదానికి దువ్వెనలా వెడల్పుగా ఉంది, కొత్తదానికి చిన్న నాలుకలా ఉంది.

సాయంత్రం దుకాణాలు తెరిచాక నాన్నతో నేనూ వెళ్లాను. “డబ్బా విప్పేశారు కదా సాబ్, వాపస్ నహీ హోగా” అన్నాడు దుకాణదారు. నాన్న బతిమాలితే, మార్చి ఇస్తానన్నాడు. కానీ సరైనది దుబాయ్ నుంచి రావాలట. వచ్చే శుక్రవారం రమ్మన్నాడు. మళ్లీ శుక్రవారం వెళ్తే, “కల్ ఆయేగా” అన్నాడు. నాన్నకు ఆ రోజుల్లో ఖురియాత్ సైట్‌లో డ్యూటీ. వారానికొకసారే ఇంటికొచ్చేవారు. ఆ రేపు మళ్లీ శుక్రవారమే అయ్యేది...

ఎట్టకేలకు సరైన డ్రైవ్ వచ్చింది. లోపలికి చక్కగా వెళ్లింది. నాన్న గర్వంగా బటన్ నొక్కారు. ట్రే తెరుచుకోలేదు. డ్రైవ్ ముందువైపు ప్లాస్టిక్ పట్టీ మా లాప్‌టాప్ అంచుకు తట్టుకుంటోంది. పాతదాని పట్టీ పీకి దీనికి పెట్టబోతే, ఒక కొక్కెం విరిగింది. నల్ల టేపు అంటించారు. మళ్లీ నొక్కి, ట్రేను వేళ్లతో లాగారు. ఈసారి డ్రైవ్ మొత్తం సొరుగులా బయటికొచ్చేసింది! పాతదాని వెనకున్న చిన్న రేకు విప్పి కొత్తదానికి బిగించాలట. అది మర్చిపోయారు.

“ఇది డ్రైవ్ మార్చడమా, పురుడు పోయడమా?” అని అమ్మ తల పట్టుకుంది.

ఆ రేకు కూడా బిగించాక... డిస్కు తిరిగింది. బొమ్మ వచ్చింది. సన్నాయి వినిపించింది. ముగ్గురం తెరకు దగ్గరగా జరిగాం.

అమ్మ మొదట ఏడవలేదు. వంకలు పెట్టడం మొదలుపెట్టింది. “ఆ జడ వేసిందెవరు, అంత వదులుగా? బుగ్గచుక్క అక్కడా పెట్టేది?” అంటూనే కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. అప్పగింతలు వచ్చేసరికి పిన్ని ఏడుస్తూ ఏడుస్తూ సూటిగా కెమెరా వైపు తిరిగింది.

“అన్నా, ఇది మస్కట్ పంపిస్తారు కదా?” అని వీడియో తీసేవాణ్ని అడిగి, “అక్కా... కోపంలో ఏదో అనేశాను. నేను ఫోన్ చేస్తే ఏడుపొచ్చి మాట రాదు. ఇది చూడగానే నువ్వే చెయ్యి. ఎదురుచూస్తుంటాను” అంది.

అమ్మ నెమ్మదిగా నాన్న వైపు తిరిగి, “ఎన్ని శుక్రవారాలండీ...” అంది. అంతే. నాన్న చెప్పులేసుకుని వెళ్లి ఫోన్ కార్డు తెచ్చిచ్చారు.

పిన్ని వెంటనే ఎత్తింది. పక్కనే ఉన్న నాకూ ఆవిడ మాటలు వినిపించాయి.

“డిస్కు మీకు అందిందని తీసుకెళ్లినవాళ్లు ఎప్పుడో చెప్పారు. చూసి కూడా చెయ్యలేదంటే, ఇంక నీకు నేనక్కర్లేదేమో అనుకున్నానక్కా.”

“చూడందే ఎలా చేస్తానే! ఇన్నాళ్లూ మీ బావగారు డ్రైవ్ మారుస్తున్నారు!”

“ఏం డ్రైవ్?” అంది పిన్ని. అమ్మ చెప్పబోయి, చెప్పలేక, నవ్వూ ఏడుపూ కలిసిపోయి నేల మీద కూర్చుండిపోయింది.

ఇప్పుడు నేనూ మస్కట్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. నా లాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. మొన్న పిన్ని కూతురి పెళ్లి కూడా ఫోన్‌లో లైవ్‌లోనే చూశాను. మధ్యలో ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. లింకు ఎక్కడికీ పోదు కదా, తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాను... ఇంతవరకు అప్పగింతలు చూడనేలేదు.

మీ ఇంట్లో కూడా ఇలా ఇంటిల్లిపాదీ విసిగి వేసారి, చివరికి చూసిన పెళ్లి వీడియో ఉందా? ఉంటే కింద రాయండి... చదువుతాను.