బయల్దేరిపోయామన్న పడవ

మొన్న ఆదివారం మా అల్లుడు తణుకు నుంచి ఫోను చేసి, భోజనానికి వస్తున్నాం, బయల్దేరిపోయామండీ అన్నాడు. వాళ్ళ కారు ఎక్కడుందో నా ఫోనులో కనిపించేలా మా అమ్మాయి ఎప్పుడో ఏర్పాటు చేసిపెట్టింది కాబట్టి తెరిచి చూస్తే, ఆ నీలం చుక్క వాళ్ళింటి దగ్గరే ఉంది, ముప్పావుగంటైనా కదల్లేదు. ఇంకా బయల్దేరలేదు అని చెప్పడం మన గోదావరి వాళ్ళకి ఎందుకింత కష్టమో, నా ఈడు వాళ్ళెవరైనా చెబితే వినాలని ఉంది.

తొంభైల్లో వచ్చిన ఒక వరదకి, రాజమండ్రిలో రెవెన్యూ గుమాస్తాగా ఉన్న నన్ను కంట్రోల్ రూములో వైర్‌లెస్ సెట్టు పక్కన కూర్చోబెట్టారు. గోదావరి మధ్య లంకల్లో చిక్కుకున్నవాళ్ళని తీసుకురావడానికి వచ్చిన సైన్యం మూడు పడవల్లో మూడు దిక్కులకి వెళ్ళింది. ఏ పడవ ఎక్కడుందో గోడ మీది మ్యాపులో గుండుసూదులు గుచ్చుకుంటూ, తర్వాత ఎటు పంపాలో మేజరు గారు నిర్ణయించేవారు. ఆయనకి తెలుగు రాదు, పడవల్లో దారి చూపించే మనవాళ్ళకి హిందీ రాదు, మధ్యలో నేను. పడవ ఏ గట్టున ఆగినా, సగం ఇల్లు మునిగినవాళ్ళు కూడా ఏ డాబా మీదో పొయ్యి రాజేసి, వంకాయ కూర వండి, విస్తళ్ళు వేసి, తినకుండా కదలనిచ్చేవారు కాదు. సెట్టులో అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు, బయల్దేరిపోయామండీ అని. సూదులు ముందుకు జరిగేవి, పడవలు గట్టునే ఉండేవి. నాకు తల బాదుకోవాలనిపించేది.

మూడో రోజు మధ్యాహ్నం, ఒక లంకలో బడి డాబా మీద నిండు చూలాలికి నొప్పులు మొదలయ్యాయని, అక్కడి జనానికి తోడుగా దింపిన జవాను సెట్టులో చెప్పాడు. దగ్గరలో ఉన్న పడవలో దారి చూపిస్తున్నది మా పెదనాన్నగారి అబ్బాయే, ఆ చుట్టుపక్కల గ్రామాధికారి.

"అన్నయ్యా, బయల్దేరారా?" అన్నాను.

"బయల్దేరిపోయాం తమ్ముడూ" అన్నాడు.

వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో మజ్జిగ పొయ్యమనడం నాకు స్పష్టంగా వినిపించాయి. పెద్దవాణ్ణి పట్టుకుని, పదిమంది వింటుండగా, అబద్ధం చెబుతున్నావని ఎలా అనను? ఆ మర్యాదే కొంప ముంచింది. బయల్దేరారనే మేజరు గారికి చెప్పాను. ఆయన అది నమ్మి, ఆ లంకకే పంపుదామనుకున్న రెండో పడవని ఇంకోవైపు మళ్ళించేశారు. డాబా మీది జవానుకీ అదే కబురు వెళ్ళింది.

అన్నయ్య పడవ అక్కడికి చేరడానికి రెండు గంటల పైనే పట్టింది. ఈలోగా ఆ చూలాలి అత్తగారే పురుడు పోసింది, అదృష్టం కొద్దీ తల్లీ పిల్లా దక్కారు. మేజరు గారు నన్ను తిట్టలేదు. సూది పీకి చేత్తో పట్టుకుని, వాళ్ళు బయల్దేరారని నీకు నిజంగా తెలుసా అని మాత్రం అడిగారు. నేను అన్నయ్యతో ఏడాదిపాటు మాట్లాడలేదు. వండినవాళ్ళ మనసు కష్టపెట్టలేక నాలుగు ముద్దలు తిన్నానని ఆయన ఈ రోజుకీ అంటాడు, ఏం చెయ్యను?

నీళ్ళు తీశాక బియ్యం పంచడానికి ఆ లంకకి వెళితే, ఆ తల్లి పిల్లని ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"సెట్టులో మాట్టాడింది మీరేనంటగా అండి. పడవ బయల్దేరిందన్నారు కదండీ, ఇదిగో వచ్చేత్తాది, ఇదిగో వచ్చేత్తాది అనుకునే ఓర్చుకున్నానండి" అని దణ్ణం పెట్టింది.

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నిజం చెప్పలేక బియ్యం కొలిచి ఇచ్చి వచ్చేశాను.

ఇప్పుడు వరదొస్తే అన్నం పొట్లాలు హెలికాప్టర్లోంచే పడుతున్నాయి, పడవ వాళ్ళకి విస్తరి వేసేవాళ్ళూ లేరు, ఆగి తినేవాళ్ళూ లేరు. ఎవరు ఎక్కడున్నారో అరచేతిలో కనిపిస్తోంది. ఆ రోజు ఈ చుక్క ఉంటే రెండో పడవ సరాసరి ఆవిడ దగ్గరికే వెళ్ళేది కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ ఆదివారం ఇదంతా తలుచుకుంటూ ఉండగా అల్లుడు మళ్ళీ ఫోను చేసి, సగం దూరం వచ్చేశామండీ అన్నాడు. చుక్క వాళ్ళింటి దగ్గరే ఉంది. సరే, నెమ్మదిగా రండి బాబూ అన్నాను.