గుమ్మాలు చూస్తూ నడిచే సూదులమ్మ

"మన సూదులమ్మ పోయిందంటమ్మా" అని మొన్న పొద్దున ఇస్త్రీ బట్టలు తెచ్చినావిడ గుమ్మంలోనే చెప్పింది. నిద్రలోనే పోయిందట. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు.

బన్సీలాల్‌పేట్‌లో పిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ ఆమె. మా ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి విజయనగరం నుంచి ఇక్కడ అద్దెకు దిగినప్పుడు, మా కొత్త అపార్ట్‌మెంటు ఆమె లిస్టులోనే లేదు. అయినా మెట్లెక్కి వచ్చేది. ఏ ఇంట్లోనూ "తట్టు లేచిందా?" అని అడిగేది కాదు. అడిగితే అందరూ లేదనే అంటారు. అమ్మవారు వచ్చిందంటారు గానీ ఆ పేరు నోట పలకరు. అందుకని గుమ్మాలకు కట్టిన వేపమండలు చూసుకుంటూ నడిచేది. మండ కనబడితే చెప్పులు విప్పి, దండం పెట్టి లోపలికి వెళ్లేది. "అమ్మకు మొక్కు బిడ్డా, ఎవరొద్దన్నరు? మిగిలిన పోరగాళ్లకు సూది సుత ఇప్పియ్యి" అనేది.

మా పాపకు తొమ్మిదో నెల నిండాక మూడుసార్లు వచ్చింది. ఒకసారి జలుబన్నాను, ఇంకోసారి పడుకుందన్నాను. మూడోసారి విసుగొచ్చి, "మా ఊళ్లో వేయించేశామండీ, కార్డు అమ్మ దగ్గరుంది" అని అబద్ధం ఆడేశాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి! అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు ఇలాంటివెందుకు వస్తాయని నా ధీమా.

నెల తిరక్కుండా మా వెనక సందులో నాలుగు గుమ్మాలకు వేపమండలు కట్టారు. అందులో ఒకటి మాకు పూలు అమ్మే ఆవిడది. ఆమె కూతురు రోజూ మా పాపతో ఆడేది. పాపను చంకనేసుకుని టీకాల సెంటరుకు పరిగెత్తి, ఏడుస్తూ నిజం చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "నువ్వు చెప్తే నేను నమ్మిన. తట్టు నమ్ముతదా?" అంది, సూది వేస్తూనే. "గిది పనిజేస్తందుకు జెర దినాలు పడతది. పరేషాన్ గాకు, నేనొచ్చి చూస్త."

రెండు వారాలు రోజూ వచ్చింది. దద్దుర్లు ముందు అక్కడే కనబడతాయని పాప చెవులు మడిచి వెనక చూసేది. నేనైతే గంటగంటకూ చూసేదాన్ని. దోమ కుట్టినా నా పై ప్రాణాలు పైనే పోయేవి. కూర్చోమంటే, "ఇంక ఇండ్లున్నయమ్మా" అని వెళ్లిపోయేది. మా పాప ఇప్పుడు రెండో తరగతిలో ఉందంటే అది ఆవిడ పుణ్యమే.

చివరి రోజు మాత్రం చెవులు చూసి, "ఏం లేదు. ఇగ భయం లేదు" అంటూ పాపను ఒళ్లోకి తీసుకుని నేలమీద కూర్చుండిపోయింది. ఎంతసేపటికీ దించదు. నాకేమో పట్టరాని సంతోషం. "అంత ముద్దొస్తే ఎత్తుకుపోండి సిస్టరమ్మా, దీని అల్లరి పడలేకపోతున్నాను" అని వేళాకోళమాడాను. ఆమె నవ్వింది కూడా.

పూలావిడ కూతురు ఆ మధ్యాహ్నమే పోయిందని నాకు మర్నాడు తెలిసింది. సూదులమ్మ ఆ ఇంటినుంచే నేరుగా మా ఇంటికి వచ్చింది. ఆ సంగతి నాతో అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. నా కూతురి జుట్టులో ముఖం దాచుకుని, అలాగే కూర్చుని ఉంది.