పది ఎంబీలలో మూడు దూకులు

మా పక్కింటి లెక్కల టీచరమ్మ పోయిన గురువారం నిద్రలోనే కన్నుమూశారు. వాళ్ల కోడలు గోడ అవతలి నుంచి ఆ మాట చెప్పినప్పుడు నా చేతిలోని తడి బట్ట ఆరేయకుండా అలాగే నిలబడిపోయాను. మరిపెడలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం నలభై ఆరేళ్ల వయసులో, ఆమె కంప్యూటర్ ముందు, ఒకే ఒక్క మధ్యాహ్నం పాఠం నేర్చుకున్నాను. అది గుర్తొస్తే ఈ దుఃఖంలోనూ మనసు ఉప్పొంగుతుంది.

మా అమ్మాయి లాంగ్ జంప్ చేస్తుంది. స్పోర్ట్స్ హాస్టల్ ఎంపికకు మూడు దూకుల వీడియోను మధ్యలో కోయకుండా పంపాలి. ఎగిరే ముందు తొక్కే తెల్ల పలక మీద కాలు ఎక్కడ పడిందో స్పష్టంగా కనిపించాలి. ఫైలు పది ఎంబీలు దాటకూడదు. నేను చెప్పే రోజు సాయంత్రం ఐదింటితో గడువు సరి. మా ఆయన ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో మూడు వందల ఎంబీల పైనే ఉంది. నిబంధనలన్నీ కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చి, ఇక్కడ ఆగిపోయాను.

"పరేషాన్ కాకు. గా ఫోన్ పట్టుకొని రా" అన్నారు టీచరమ్మ.

మనవరాలి వీడియోలు చుట్టాలకు పంపడానికి ఆమె కంప్యూటర్‌లో ఒక అప్లికేషన్ వేయించుకున్నారు. వీడియోను అందులో వేసి, ఎన్ని ఎంబీలు కావాలో గడిలో అంకె కొడితే చాలు, అంతకు కుదించి ఇస్తుంది. నా ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. టైలర్‌కు కొలత ఇచ్చినట్టు, మనం అడిగినంత!

అంకె నన్నే కొట్టమన్నారు. తక్కువైతే ఇంకా మంచిదే కదా అని రెండు కొట్టాను. తెరిచి చూస్తే మా పిల్ల లేదు. ఎర్రమట్టి మీద రంగు గళ్లు గళ్లుగా ఏదో ఎగిరింది.

"ఏందే, గింత పిసినారివి? పది ఇస్తమని వాళ్లే అంటుంటే రెండు చాలంటవా? ఇచ్చిన చోటంతా వాడుకోవాలె."

"అయితే పది కొట్టనా?"

"అంచుదాక పోతే ఒక్కోసారి దాటుతది. తొమ్మిదిన్నర కొట్టు."

ఈసారి పిల్ల ముఖం కనిపించింది, కాలు మాత్రం మసక. టైం నాలుగు దాటింది. టీచరమ్మ కళ్లజోడు తుడుచుకుని, "శబ్దం తీసేద్దాం. అది తినే చోటు గూడ బొమ్మకొస్తది" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఆ శబ్దమంతా మా ఆయన కేకలే. "ఉరుకు బిడ్డా, ఉరుకు!"

"ఎగిరేది నీ మొగుడా, నీ బిడ్డనా?" అని టీచరమ్మ గదిమారు. "అసలుది ఫోన్ల ఉండనే ఉన్నది. తియ్!"

తీసేశాను. తెల్లటి పలక మీద మా పిల్ల బూటు కొస స్పష్టంగా తేలింది! ఐదుకు ఇరవై నిమిషాల ముందు వీడియో వెళ్లింది. 'అందింది' అని తెర మీద రాగానే ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

పదో రోజున ఎంపికకు రమ్మని పిలుపొచ్చింది. టీచరమ్మ వీధిలోకి వచ్చి, చెప్పులు విడిచి, కుచ్చిళ్లు దోపుకుని, ఎదురింటి కట్టుబడికి పోసిన ఇసుకలోకి నాలుగడుగులు ఉరికి ఒక్క దూకు దూకారు.

"ఫౌల్, టీచరమ్మా! గీత దాటిండ్రు!" అని అరిచింది మా అమ్మాయి.

"గీత ఏడున్నదే ఈడ?"

నేను లేపబోతే చేయి విదిలించుకున్నారు. "జర ఆగుండ్రి, ముందు కొలువుండ్రి" అంటూ, తలనిండా ఇసుకతో, కూర్చున్నచోటి నుంచే టేపు కోసం చేయి చాపారు.