టెలిస్కోపు అద్దానికి ఓడ బిగింపు

1983 ఏప్రిల్‌లో విశాఖ రేవు దగ్గర ఓడల మరమ్మతు వర్క్‌షాపులో నేను ఛార్జ్‌మాన్‌ని. అంటే ఫిట్టర్ల మీద పెత్తనం, ఇంజనీర్ల కింద చాకిరీ. ఓడ ఇంజను నుంచి పంకా దాకా సాగే షాఫ్టుని వెంట్రుకవాసి తేడా రాకుండా ఒకే గీతలో నిలబెట్టడం నా విద్య. నేను బిగించిన నట్టు ఓడ మునిగినా ఊడదని పేరు. ఆ పేరు నలుగురిలో చాటింది నేనే.

మా ఆవిడ అన్న సత్యం మల్కాపురంలో సైన్సు మేస్టారు. ఎనిమిది నెలలు గాజుబిళ్లని చేత్తో అరగదీసి టెలిస్కోపుకి అద్దం చేశాడు. ఆ శనివారం సాయంత్రం హెడ్మాస్టరు సత్యం ఇంటి డాబా మీదికొచ్చి అందులో శనిగ్రహం చూడాలి. వలయం కనిపిస్తే బడిలో ఖాళీగది సైన్సు క్లబ్బుది. లేకపోతే విరిగిన బెంచీలది. అద్దాలు సరిచేసే పని నాకు అప్పగించాడు.

గొట్టం అడుగున పెద్దద్దం, మూతి దగ్గర ఏటవాలుగా చిన్నద్దం. కంటికటకం తీసి, ఆ చోట చిల్లుపెట్టిన ఫిల్ముడబ్బా మూత పెట్టి చూడాలి. పెద్దద్దం వెనక మూడు మరలు తిప్పుతూ, దాని నడిమధ్య పెట్టిన గుర్తుచుక్కని అద్దంలో కనిపించే ఆ చిల్లు నీడతో కలపాలి. పావుగంటలో కలిపేశాను. తరవాత చూస్తే, అద్దం అంచుని పట్టుకునే మూడు క్లిప్పులు వదులు! ఒళ్లు మండి, స్క్రూడ్రైవరు మీద నా ఎనభై కిలోలూ వేసి తిప్పాను.

చీకటిపడింది. హెడ్మాస్టరు కింద టీ తాగుతున్నారు. సత్యం ముందుగా స్వాతి నక్షత్రం మీదికి తిప్పి చూశాడు.

"ఏటి బావా ఇది? సుక్కకి మూడు మూలలొచ్చినాయి!"

"మీ మల్కాపురం ఆకాశంలోనే ఏదో తేడా ఉంది," అన్నాను.

"క్లిప్పులు ముట్టుకున్నావేటి?"

"కాస్త బిగించాను."

"ఎంత?"

"ఓడకి బిగించినంత."

"సంపేసినావు బావా! అద్దం వంగిపోయుంటాది."

కంటికి ఆనని వంపు చాలట, వెలుగు దారి తప్పడానికి. క్లిప్పుకీ గాజుకీ మధ్య కాగితం ముక్క జారేంత వదులు చేసి, గుర్తుచుక్కని మళ్లీ చిల్లు నీడతో కలిపాడు. గాజు కుదుటపడేదాకా హెడ్మాస్టరుని ఆపడం నా వంతు. ఏడు సముద్రాల తుఫానులు వర్ణించాను. నేను ఎక్కిన ఓడలన్నీ రేవులో కట్టేసినవే.

ఆయన పైకొచ్చి శని వలయం మీంచి చాలాసేపు కన్ను తీయలేదు. తరవాత, "గది తాళం సోమవారం తీసుకోండి మేస్టారూ," అన్నారు.

మిగిలిన సర్వీసులో, కొత్త వస్తువు ఏది చేతికొచ్చినా ఎంత బిగించాలో ముందు అడిగేవాణ్ణి. అడిగినందుకు కుర్ర ఇంజనీర్లు నవ్వేవారు. నవ్వనిచ్చాను.