త్రీఫేజ్ కరెంటులో ఇంగ్లీషు పాట

ఆ రోజుల్లో పాట అంటే నాకు తెలిసింది ఒక్కటే. మొదలవుతుంది, చరణాలు వస్తాయి, మర్యాదగా ముగుస్తుంది. పాన్‌గల్‌లో మా ఇంట్లో తెల్లవారుజామున నాయిన టేప్ రికార్డరులో పెట్టే భజనలు అలాగే ఉండేవి. పాట మనిషిని హడలగొట్టి, కూర్చున్నచోటి నుంచి లేపి, వాకిట్లోకి పరిగెత్తించగలదని ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. ఇప్పటి పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏ దేశం పాటకైనా బెదరకుండా తలలూపుతుంటే, అప్పటి నా మొహం గుర్తొచ్చి నాకే నవ్వొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వనపర్తిలో డిగ్రీ ముగించి ఇంట్లో కూర్చున్నాను. కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పినాయన్ని అందరం టేపుల సారు అనేవాళ్లం (ఆయన సంచిలో పుస్తకాలకన్నా క్యాసెట్లే ఎక్కువ). ఆయన స్నేహితుడి బడికి ఇంగ్లీషు టీచరు కావాలట, ఒక పేరు సారు చెప్పాలి. నాతోపాటు ఇంకో ఇద్దరున్నారు. మా ముగ్గురికీ పరీక్ష లేదు, ప్రశ్నలు లేవు. తలా నాలుగు పాత ఇంగ్లీషు ఆల్బమ్‌ల క్యాసెట్లు చేతిలో పెట్టారు. అన్నీ ఆయన ఎక్కడో రికార్డు చేయించుకున్నవి. పైన బొమ్మ లేదు, పాడినవాళ్ల పేరు లేదు, అంకె మాత్రం ఉంది. "పేరు తెలిస్తే పేరునే వింటరు. మొదటికెల్లి ఆఖరిదాంక వినుండ్రి, నడుమ తిప్పొద్దు. ఏమనిపిస్తే అది ఇంగ్లీషుల రాయుండ్రి. రాసింది కొట్టేయొద్దు" అన్నారు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నాయిన క్యాసెట్ల వంక అనుమానంగా చూశాడు. "పాటలు వింటె నౌకరిస్తరా? సరే తియ్. పల్లికాయ పీకేలోపల వస్తె పో బిడ్డా. రాకుంటె మీ అత్తతాన కుట్టుమిషన్ నేర్చుకో" అన్నాడు. కుట్టుమిషన్ మీద నాకు పగేమీ లేదు. కానీ సూదిలో దారం ఎక్కించడానికి నాకు అరగంట పట్టేది, అది ఎక్కకపోతే ఏడుపొచ్చేది. పైగా చేతిలో చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడాలని చిన్నప్పటి నుంచి ఆశ. అందుకని ఆ పాటలే నా దిక్కు అయ్యాయి.

పొద్దున అందరూ చేనికి పోయాక ఇంట్లో మిగిలేది నేనూ, నాయిన వాళ్లమ్మ మా అవ్వా. మొదటి క్యాసెట్ పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. చెవి దగ్గరగా పెట్టి వింటుండగా లోపల నుంచి ఎద్దు రంకె వేసినట్టు ఒక్క అరుపు! మా ఎద్దే కట్టు తెంచుకుందనుకుని వాకిట్లోకి ఉరికాను. ఎద్దు ఇంట్లోనే లేదు, నాయినతో చేనికి పోయింది. తిరిగొచ్చేసరికి అవ్వ రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. "ఎవరే వాడు? వాన్ని ఎవరన్న కొడుతుండ్రా?" రెండో క్యాసెట్‌లో పాట ముగియనేలేదు. పాడుతూ పాడుతూనే సన్నబడి దూరమైపోయింది. కరెంటు పోతోందనుకుని లేచి బల్బు చూశాను, వెలుగుతూనే ఉంది. మూడోదాంట్లో డప్పులవాడు ఒక్కడే పావుగంట బాదాడు, మిగతావాళ్లు ఏమైపోయారో తెలియదు. "వీళ్లు పాట పూర్తి చేయరు, ఎందుకో చెప్పరు. నాకు భయమైంది" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో రాసుకున్నాను. కొట్టేయొద్దన్నారు కాబట్టి కొట్టేయలేదు.

మధ్యాహ్నం పెట్టిన నాలుగో క్యాసెట్ మాత్రం మమ్మల్ని ఇద్దరినీ కూలబెట్టింది. బరువైన మగ గొంతు, మెల్లగా, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ. రెండో పాట సగానికి వచ్చేసరికి ఆ గొంతు ఇంకా దిగిపోయింది, మాట పెగలడం లేదు. పాడుతూ పాడుతూ మనిషి దుఃఖంతో కుంగిపోవడం నేను అంతవరకూ వినలేదు. అవ్వ పల్లికాయలు ఒలవడం ఆపేసింది.

"వాని పెండ్లాం సచ్చిపోయింది, పిల్లా" అంది.

"నీకెట్ల తెలుసు? నీకు ఇంగ్లీషొస్తదా?"

"ఏడుపు తెల్వనీకి ఇంగ్లీషెందుకే?"

నాకూ అదే నిజమనిపించింది. ఆ వారమంతా అవ్వ రోజూ ఆ వేళకే "ఆ పెండ్లాం సచ్చినోన్ని పెట్టు" అని అడిగేది. భార్య పోయిన భర్త వేదన గురించి నేను ఏడు పేజీలు రాశాను. ఉద్యోగం నాదేనన్న ధీమాతో వనపర్తి బస్సెక్కాను.

సారు నా ఎదుటే నోటుబుక్కు చదివారు. ఎద్దు సంగతి రాసినచోట పెదవుల మీద నవ్వు కదిలింది. నాలుగో క్యాసెట్ దగ్గరికి రాగానే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత లేచి, అదే క్యాసెట్‌ను తన టేప్‌లో పెట్టి, నేను చెప్పిన పాట దగ్గర వదిలారు.

ఆడమనిషి! చిలకలా గలగల పాడుతోంది. మధ్యలో నవ్వుతోంది కూడా. వెనక వాయిద్యాలు పెళ్లి బరాత్‌లో జనం ఎగిరినట్టు ఎగురుతున్నాయి.

"సార్, ఇది వేరే క్యాసెట్."

"నువ్వు తెచ్చిందే బిడ్డా. ఎప్పుడు విన్నవ్?"

"పగటిపూట సార్. త్రీఫేజ్ కరెంటొచ్చినంక."

"బల్బు ఎట్ల వెలుగుతుండె?"

"ఎర్రగ... వత్తి లెక్క."

సారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. బోర్ల కోసం రోజుకు కొన్ని గంటలే ఇచ్చే త్రీఫేజ్ రాగానే ఊళ్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అవుతాయి, వోల్టేజీ పడిపోతుంది, మా టేప్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పాట సగంలో గొంతు దిగిపోయినప్పుడు ఇంకో నాలుగు మోటార్లు ఆన్ అయ్యాయన్నమాట. నాయిన భజనలు తెల్లవారుజామునే కాబట్టి వాటికి ఈ గతి ఎప్పుడూ పట్టలేదు. (కరెంటును అనుమానించాల్సిన పాటలో అనుమానించలేదు, ఏ పాపం ఎరగని రెండో క్యాసెట్‌లో లేచిపోయి బల్బు చూశాను!) సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కుట్టుమిషన్ చప్పుడు నా చెవుల్లో మొదలైంది. సారు నవ్వాపి, "ఐతారం మీ ఊరికొస్త. నౌకరి సంగతి అప్పుడు చెప్త" అన్నారు.

నిజంగానే వచ్చారు. చాయ్ తాగి, అవ్వ పక్కన చాపమీద కూర్చుని త్రీఫేజ్ కోసం ఎదురుచూశారు. బల్బు ఎర్రబడగానే నేను క్యాసెట్ పెట్టాను. పాట సగానికి వచ్చింది, ఇంకెవరివో మోటార్లు ఆన్ అయ్యాయేమో, గొంతు ఇంకా దిగింది. సారు నవ్వుతారని చూశాను. నవ్వలేదు. టేప్ దగ్గరికి జరిగి చెవి పెట్టారు.

"పదిహేనేండ్ల సంది వింటున్న. ఇందుల ఇంత దుఃఖముందని నాకు తెల్వనే తెల్వదు" అన్నారు.

అవ్వ ఆయన వైపు జరిగింది. "సారూ, నువ్వు సదువుకున్నోనివి. ఈ పాడేటాయనకు మళ్ల పెండ్లయిందా?"

సారు ఒకసారి నా వైపు చూశారు, ఒకసారి అవ్వ వైపు. "ఇంకా కాలేదవ్వా" అన్నారు.

పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "ఆ ఇద్దరు అన్ని క్యాసెట్లకు 'చాల బాగున్నది' అని రాసిండ్రు. నువ్వు భయమైతే భయమైందని రాసినవ్. సోమవారం బడికి పో" అన్నారు. నాయిన నన్ను చూసి, టేప్ రికార్డరును చూసి, ఎద్దుకు గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఊళ్లో ఇరవై నాలుగు గంటలూ కరెంటు. బల్బు ఎర్రబడదు, బోర్లు ఎన్ని ఆన్ అయినా పాట పరుగు తగ్గదు. ఈమధ్య ఆ ఆల్బమ్ ఫోన్‌లో దొరికింది. ఆవిడ చాలా బాగా పాడుతుంది, కానీ నా మనసు ఒప్పుకోదు. ఫోన్‌లో పాట వేగంతోపాటు గొంతునూ దించే మీట ఒకటి ఉంది. బడి నుంచి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, దాన్ని తగ్గిస్తాను. బరువైన గొంతు ఈడ్చుకుంటూ వస్తుంది. అవ్వ పోయి పదేళ్లవుతోంది. ఇన్నేళ్లుగా పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్న దాన్ని, అప్పట్లో గొంతు దిగిపోయిన చోటికి రాగానే మీట ఇంకాస్త దించి, పాపం ఈయనకు ఇంకా సంబంధం కుదరలేదే అనుకుంటాను.